రోహిణి కార్తెలో హీటరు

నేను చెప్పలేదన్నారు. చెప్పాను.

ఒక పాత కారులో హీటరు కోరు పగిలి, మరిగే నీళ్ళు ఒక మనిషి కాళ్ళ మీద పడ్డాయి. పడతాయని నేను ముందే చెప్పాను. నా షెడ్డులో, పట్టపగలు, కారు యజమానికీ డ్రైవరుకీ ఎదురుగా నిలబడి చెప్పాను. ఆ తర్వాత పదిమంది ముందు వాళ్ళిద్దరూ "మేస్త్రి మాకేం చెప్పలేదు" అన్నారు. ఆ ముక్క నా షెడ్డు మూసేసిన రోజు వరకూ నన్ను వదల్లేదు. నూజివీడు బస్టాండు దగ్గర ఎవరైనా నా షెడ్డు దారి అడిగితే, "ఎవరు, ఆ కాళ్ళు కాల్చిన మేస్త్రీనా?" అనేవాళ్ళు, నేను వింటున్నానని తెలిసి కూడా.

ఇప్పుడు కారుకి కంప్యూటరు తగిలించి రోగం కనిపెడుతున్న కుర్రాళ్ళు చదువుతారని ఇది రాస్తున్నాను. మీకు సాయంగా ఆ యంత్రం ఒక కాగితం అచ్చేసి ఇస్తుంది. ఏది చెడిందో, ఎప్పుడు చూశారో అందులో ఉంటుంది. మా రోజుల్లో మెకానిక్కు మాటే కాగితం. కాదన్నవాడి దగ్గర తోట ఉంటే ఆ కాగితం చిరిగినట్టే.

నేను అయిదో తరగతి దాటలేదు. ఇంగ్లీషు నేర్చుకున్నది కార్ల డాష్‌బోర్డు అరల్లో దొరికే పుస్తకాల నుంచి, ఒక పాత నిఘంటువు పక్కన పెట్టుకుని. అందుకని నాకు నట్టు, బోల్టు, గొట్టం అన్నీ ఇంగ్లీషులో వచ్చు, ఇంగ్లీషు పెళ్ళి శుభలేఖ చదవడం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. ఎనభైల్లో నూజివీడులో కార్లే తక్కువ. ఉన్నవాటిలో విదేశీ పుస్తకం చదివి పనిచేసేది నేనొక్కణ్ణే. ఆ గర్వం నాకుండేది. దాచుకోను.

ఆ కారు విస్సన్నపేట వైపు తోటలున్న ఒక ఆసామిది. ఆయన్ని అందరం అయ్యగారనే వాళ్ళం. ఉత్తరాదిన చలికొండల్లో ఉద్యోగం చేసి వచ్చిన ఆఫీసరు దగ్గర పాతదే కొన్నారు. దానికి హీటరుంది. ఇంజనులో కాగిన నీళ్ళు రెండు రబ్బరు గొట్టాల గుండా డాష్‌బోర్డు కిందకొచ్చి, పలక అంత చిన్న రేడియేటరులో తిరిగి వెనక్కి పోతాయి. దాని మీదుగా ఒక ఫ్యాను గాలి విసిరితే లోపల కూర్చున్నవాళ్ళకు చలి తగ్గుతుంది. ఆ చిన్న రేడియేటరునే హీటరు కోరు అంటారు. ఇంజను పక్కన దానికో ఇత్తడి కుళాయి. తిప్పితే నీళ్ళు లోపలికొస్తాయి, కట్టేస్తే రావు.

మొదటిసారి చూపించినప్పుడు డ్రైవరు పగలబడి నవ్వాడు. "అన్నా, నూజివీడులో కారుకి హీటరంటయ్యా! దీని మీద టీ పెట్టుకోవచ్చా?" అన్నాడు. అతను నాకంటే చిన్నవాడు. భార్యాపిల్లలతో అయ్యగారి తోటలోనే ఒక గదిలో ఉండేవాడు. మంచి చెయ్యి, కారుని పసిపిల్లలా నడిపేవాడు. నాకు ఇష్టమైన మనిషి.

ఇక ఇక్కడ నా సంగతి చెప్పాలి. ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు, ఎవరూ నా మీద వేయలేదు కూడా.

ఆ కారు వేసవిలో మరిగిపోయేది. బోరు నీళ్ళ సున్నం పట్టి అసలు రేడియేటరు సగం పూడుకుపోయింది. మార్చమంటే "సీజను కానీవయ్యా" అనేవారు అయ్యగారు. మా మామిడి దేశంలో సీజను అంటే మిగతా ఏడాదంతా దానికి గుమాస్తా. పైగా అయ్యగారికి పంపకాలు ఉండేవి. మొదటి కాపు చిన్న రసాలు, బంగినపల్లి, బుట్టల్లో ఎండుగడ్డి పరిచి, బెజవాడలో ఆఫీసర్ల ఇళ్ళకీ, ప్లీడర్ల ఇళ్ళకీ, డాక్టర్ల ఇళ్ళకీ ఆయనే స్వయంగా కారులో వెళ్ళి ఇచ్చేవారు. లారీలో పంపితే అది సరుకు, కారులో తెస్తే అది మర్యాద. డిక్కీ నిండా బుట్టలు, కారు పైన బుట్టలు, వెనక అయ్యగారి కాళ్ళ దగ్గర బుట్టలు. ఆ బరువుతో ఎత్తు ఎక్కితే ఇంజను వేడి చూపే సూది ఎర్రగీత దాటేది.

అప్పుడు నేను డ్రైవరుకి ఒక చిట్కా నేర్పాను. "హీటరు కుళాయి తిప్పి ఫ్యాను వెయ్యి. ఇంజను వేడి కొంత కారులోకి లాగేస్తుంది, సూది దిగుద్ది" అన్నాను. పుస్తకంలో లేదది, నా బుర్రలోదే. పనిచేసింది. రోహిణి కార్తెలో హీటరు వేసుకుని తిరిగే కారు ఆంధ్రదేశంలో అదొక్కటే అయ్యుంటుంది. అయ్యగారు భుజం తట్టి, "ఇంగ్లీషు బుర్రయ్యా నీది" అన్నారు. వారం రోజులు ఆ మాట నెమరేసుకున్నాను. ఆ వేడి కారులో ఎవరి మీదకి పోతుందో నేను ఆలోచించలేదు. వెనక కూర్చున్న ఆయనకి అది పెద్దగా తెలిసేది కాదు.

రెండు సీజన్లు అలా నడిచాయి. మూడో సీజను మొదట్లో కారు నా దగ్గరికొచ్చింది. డ్రైవరు ముందు దిగి, "నీళ్ళు తాగేస్తందన్నా. కింద చుక్క కూడా కారట్లేదు, ఏడకి పోతన్నాయో తెలీట్లా" అన్నాడు. నేను ఎడమ పక్క తలుపు తీసి కింద చెయ్యి పెట్టాను. పరిచిన గోనెపట్టా తడిసి ముద్దయి ఉంది. ముందు అద్దం లోపలివైపు తెల్లటి పొర. ఇంక చూడక్కర్లేదు, హీటరు కోరు కారుతోంది.

అయ్యగారు వెనక సీట్లోంచి దిగి నా స్టూలు మీద కూర్చున్నారు. కారులో వచ్చిన తోట మనిషి ఒకామె ఆ గోనెపట్టా బయటికి లాగి, షెడ్డు పక్కన పిట్టగోడ మీద ఆరేస్తోంది. నేను అయ్యగారితో అన్నాను.

"కోరు పుచ్చిపోయిందండీ. కొత్తది మద్రాసు నుంచి తెప్పించాలి. అప్పటిదాకా ఈ రెండు గొట్టాలూ ఇక్కడే కలిపేస్తాను. నీళ్ళు లోపలికి రావు. అరగంట పని."

"కలిపేస్తే సూది దిగుద్దా?"

"దిగదండీ. బుట్టలు తగ్గించాలి. మధ్యలో ఆపుకుంటా, చల్లారాక వెళ్ళాలి."

"బాగుంది. నేను ఆపుకుంటా ఆపుకుంటా వెళ్ళేసరికి అక్కడ కాయ మాగి కంపు కొడద్ది. కారేచోట టంకం వేయించి బిగించవయ్యా. సీజను కానియ్."

నేను కాదనలేదు. డాష్‌బోర్డు విప్పి, కోరు బయటికి తీసి, బస్సెక్కి బెజవాడ వెళ్ళాను. అక్కడ రేడియేటర్లకు టంకం వేసే ముసలాయన ఒకడుండేవాడు. దాన్ని వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"ఏవయ్యా, నా దగ్గరికే తెచ్చావా, శ్మశానానికి తీసుకుపోతా మధ్యలో ఆగావా?"

"నెల రోజులు ఆగితే చాలు తాతా."

"చల్లగా ఉంటే ఏడాది ఆగుద్ది. వేడినీళ్ళు పోస్తే నాది పూచీ లేదు."

"హీటరులో పోసేది వేడినీళ్ళే కదా!"

"నేననేదీ అదే," అని పొయ్యి రాజేశాడు.

మర్నాడు దాన్ని తెచ్చి బిగించాను. బిగించకుండా ఉండాల్సింది. గొట్టాలు కలిపేసి, కోరు తిరిగి చేతికిచ్చి, "ఇంతే నాకు చేతనైంది" అని ఉండాల్సింది. కనీసం ఆ కుళాయి పిడి ఊడబెరికి నా జేబులో వేసుకోవాల్సింది. వాటి బదులు నేను చేసిందల్లా ఒక మాట చెప్పడం. కారు తీసుకెళ్ళడానికి వచ్చినరోజు అయ్యగారు, డ్రైవరు, నేను ముగ్గురం బానెట్టు దగ్గర నిలబడ్డాం.

"అయ్యగారూ, ఇది అతుకుల బొంత. కొత్తది వచ్చేదాకా ఈ కుళాయి తిప్పొద్దు. తప్పనిసరై తిప్పారా, ఎడమ పక్క సీట్లో మాత్రం ఎవర్నీ కూర్చోబెట్టొద్దు. పగిలితే నీళ్ళన్నీ ఆ మనిషి కాళ్ళ మీదే."

"సరేలేవయ్యా," అన్నారు అయ్యగారు.

"విన్నావా?" అన్నాను డ్రైవరుతో.

"విన్నానన్నా," అన్నాడు.

చెప్పానా లేదా? మీరే చెప్పండి.

తర్వాత పట్టుమని పది రోజులు కూడా కాలేదు. పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. షెడ్డు ముందు నుంచి మామిడికాయల ట్రాక్టరు ఒకటి పోతోంది. సీజనులో అది వింత కాదు. కాయల మీద ఒక ఆడమనిషిని పడుకోబెట్టారు. మోకాళ్ళ కింద నుంచి పాదాల దాకా అరిటాకులు చుట్టి ఉన్నాయి. పక్కన అయ్యగారి డ్రైవరు ఆమె తల పట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. నాకు అప్పుడే తెలిసిపోయింది. చేతిలో స్పానరు అలాగే పట్టుకుని ఆసుపత్రి దాకా పరిగెత్తాను.

ఆమె ఎవరో చెప్పాలి. అయ్యగారి తోటలో కాయ కోసే కూలీ. గెడ చివర వలసంచి కట్టిన చిక్కం పట్టుకుంటే చిటారుకొమ్మ కాయ కూడా దెబ్బ తగలకుండా దింపేదిట. అంతకంటే ముఖ్యం, కాయని చేత్తో తడిమి ఇది ఇవాళ్టికి, ఇది ఎల్లుండికి అని చెప్పేది. ఒక్కటి కూడా తప్పేది కాదు. పంపకాలకి అయ్యగారు ఆమెని తీసుకెళ్ళేది అందుకే. ప్రతి ఇంటి ముందూ దిగి ఆ ఇంట్లో ఎంతమందో అడిగి, ఏ రోజు తినే పండు ఆ రోజుకి పైకొచ్చేలా బుట్ట సర్దిపెట్టేది. వెనక సీటు అయ్యగారిది. కాబట్టి ఆమె ముందు, ఎడమ పక్కన. ఆ రోజు ఒళ్ళో ఒక బుట్ట, రెండు కాళ్ళకీ అటొకటి ఇటొకటి బుట్టలు. కోరు పగిలినప్పుడు కాళ్ళు పైకి లాక్కోవడానికి జాగా లేదు.

డాక్టరు గారు బయటికొచ్చి అడిగారు. "ఎలా జరిగింది?"

"కారు హీటరు పగిలిందండీ," అన్నాడు డ్రైవరు.

ఆయన కళ్ళజోడు తీసి మా ఇద్దర్నీ చూశారు. "ఈ ఎండల్లో హీటరా?"

ఆయన లోపలికి పోయాక డ్రైవర్ని గోడవారకి లాగాను.

"కుళాయి తిప్పావా?"

"సూది ఎర్రగీత దాటిందన్నా. అయ్యగారు తిప్పమన్నారు."

"నేను చెప్పానుగా!"

"చెప్పావన్నా." ఏడ్చాడు. "చెప్పావు."

ఇదే మనిషి తర్వాత అయ్యగారి వరండాలో పంచాయితీ పెట్టినప్పుడు, పెద్దల ముందు తలొంచుకుని నిలబడి, "మేస్త్రి టంకం వేసి బిగించాడండీ. అంతా బాగుందన్నాడు" అన్నాడు.

నేను మెట్ల మీద నిలబడే ఉన్నాను. "ఒరేయ్, నా మొహం చూసి చెప్పరా" అన్నాను. చూడలేదు. అయ్యగారు మాత్రం చూశారు. గొంతు పెంచకుండా, "ఏవయ్యా, నువ్వు ముందే చెప్పి ఉంటే నేనామెని అక్కడ కూర్చోబెడతానా? నాకు మాత్రం మనిషి విలువ తెలీదా?" అన్నారు.

ఆ ప్రశ్నకి వరండాలో అందరూ తలూపారు. నిజమే కదా, చెప్పి ఉంటే ఎవరు కూర్చోబెడతారు? కూర్చోబెట్టారు కాబట్టి చెప్పలేదు. అంత నున్నటి తర్కం నేను ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ చదవలేదు. "సాక్షులున్నారా?" అని ఒక పెద్దాయన అడిగాడు. ఎక్కడి నుంచి తేను? మాట జరిగినప్పుడు ఉన్నది ముగ్గురం. ఒకరు యజమాని, ఒకడు ఆయన నీడన బతికేవాడు, మిగిలింది నేను.

డ్రైవరు మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ అతని పిల్లలు ఆ తోట గదిలో నిద్రపోతారన్నది నాకు అప్పుడూ తెలుసు.

నేను ఆర్డరు పెట్టిన కొత్త కోరు ఆ వారంలోనే మద్రాసు నుంచి నా పేరు మీద పార్సిల్లో వచ్చింది. కారుని తాడు కట్టి లాక్కొచ్చి షెడ్డులో వదిలిపెట్టి, "నీ తప్పు నువ్వే సరిచెయ్యమన్నారు" అని కబురు చెప్పారు. చేశాను. కారుకి ఏం తెలుసు పాపం.

రెండు రోజులు పట్టింది. డాష్‌బోర్డు విప్పి, స్టీరింగు కింద వెల్లకిలా దూరి, తుప్పు నీళ్ళు కంట్లో పడుతుంటే పాత కోరు బయటికి లాగాను. ముసలాయన వేసిన టంకం చెక్కు చెదరలేదు. దాని పక్కనే, అంగుళం దూరంలో, కోరు చేప నోరులా తెరుచుకుంది. హీటరు పెట్టె అంచుకి ఎండుగడ్డి, మామిడి రసం ఎండి అంటుకున్నాయి. కడిగాను. గొట్టాలు కొత్తవి, క్లిప్పులు కొత్తవి వేశాను. అసలు రేడియేటరు కూడా విప్పి సున్నం గీకి శుభ్రం చేశాను, ఎవరూ అడక్కపోయినా.

ఇంక పరీక్ష చూడాలి. ఇంజను స్టార్టు చేసి, కుళాయి తిప్పి, ఫ్యాను వేసి, లీకేమైనా ఉందేమో చూద్దామని ఎడమ పక్క సీట్లో కూర్చున్నాను. అన్నేళ్ళలో ఆ సీట్లో నేను కూర్చోవడం అదే మొదలు. కాసేపటికే పిక్కలు చురుక్కుమన్నాయి. ఇంకాసేపటికి చెప్పుల్లో పాదాలు ఉడికినట్టయ్యాయి. కిటికీ దించితే బయటి వడగాలి తోడైంది. అరగంట కూర్చుందామనుకున్నవాణ్ణి అందులో సగం కూడా ఓర్చుకోలేక దిగిపోయాను. నూజివీడు నుంచి బెజవాడ దాకా, మళ్ళీ వెనక్కి, రెండు సీజన్లు, ఒళ్ళో బుట్టతో. నా చిట్కా.

కుళాయి కట్టేసి, ఈసారి పిడి ఊడదీశాను. ఆ కొత్త కోరులోకి మళ్ళీ వేడినీళ్ళు వెళ్ళలేదు. పాతదాన్ని షెడ్డు గోడకి మేకు కొట్టి తగిలించాను. అదే నా సాక్ష్యం అనుకున్నాను. వచ్చినవాళ్ళు అదేంటని అడిగేవాళ్ళు, నేను మొదటినుంచీ చెప్పేవాణ్ణి. కొన్నాళ్ళకి అడగడం మానేశారు.

ఆమె చాలా రోజులు ఆసుపత్రిలో ఉంది. ప్రాణం మిగిలింది. కుడికాలి వేళ్ళు అతుక్కుపోయాయి, చెట్టు కింద నిలబడే పని పోయింది. ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. వార్డు గుమ్మంలో ఆమె మొగుడు కూర్చుని ఉన్నాడు. తెచ్చిన రొట్టె పొట్లం అతని చేతిలో పెట్టి, లోపలికి పోకుండా వచ్చేశాను. ఆమె కళ్ళలోకి చూస్తే వరండాలో అన్న మాట నిజమని ఒప్పుకున్నట్టవుతుందని నా భయం.

అయ్యగారికి ఉత్తరాలు రాశాను. సీజనుకొకటి. "తమరికి నేను చెప్పినది నిజమా, అబద్ధమా, ఒక్క ముక్క రాయవలెను" అని. ఉత్తరానికి ఉత్తరం రాలేదు, బుట్ట వచ్చింది. ఎండుగడ్డి మీద చిన్న రసాలు, డ్రైవరే తెచ్చి షెడ్డు గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయేవాడు. నేనూ పంపకాల లిస్టులో చేరానన్నమాట, ఆఫీసర్ల సరసన. మొదటి బుట్ట తిప్పి పంపాను. ఆ తర్వాతవి బస్టాండులో హమాలీలకి ఇచ్చేశాను. వాళ్ళు నవ్వుతూ అనేవాళ్ళు, "మేస్త్రీగారూ, భలే సర్దారండీ బుట్ట! పైన ఇవాళ్టివి, కింద రేపటివి." నేను వినిపించుకోలేదు.

అయ్యగారు పోయారు. తర్వాత కొన్నేళ్ళకి డ్రైవరూ పోయాడు. జబ్బుగా ఉన్నప్పుడు కబురంపాడు, నేనే పంతానికి వెళ్ళలేదు. ఆ మాట విన్న ఇద్దరూ పోయాక, నేను చెప్పానని చెప్పగలిగే నోరు లోకంలో ఇక లేదనిపించింది. ఒక్కటే మిగిలింది. చివరి రోజుల్లో డ్రైవరు ఎవరి దగ్గరైనా ఒప్పుకుని ఉండొచ్చు. ఆమె దగ్గర ఒప్పుకుని ఉండొచ్చు.

పోయిన సీజనులో బస్సెక్కి విస్సన్నపేట వెళ్ళి, వాకబు చేసి, కాయలు గ్రేడు చేసే ఒక షెడ్డులో ఆమెని పట్టుకున్నాను. చెక్కపీట మీద, కాళ్ళు చాపి, చీర పాదాల దాకా కప్పుకుని కూర్చుంది. నాకంటే ఎక్కువ ముసలిదైంది. చేతులు మాత్రం ఆగలేదు. కాయ తీయడం, బొటనవేలితో తడమడం, ఒక కుప్పలో పెట్టడం.

"నేనమ్మా, నూజివీడు మేస్త్రిని. ఆ కారు..."

"తెలుసండీ," అంది, తలెత్తకుండానే. "రండి, కూర్చోండి. ఎండన పడొచ్చారు."

నేను కూర్చోలేదు. అన్నేళ్ళుగా నోట్లో తిరిగిన మాట ఒక్కసారి అడిగేశాను. "డ్రైవరు పోయేముందు నీకేవన్నా చెప్పాడామ్మా? నేను ముందే చెప్పానని, ఆ సీట్లో ఎవర్నీ కూర్చోబెట్టొద్దన్నానని?"

ఆమె చేతిలో కాయ పక్కన పెట్టింది. అప్పుడు నావైపు చూసి అంది:

"ఆయన చెప్పేదేవుందండీ, నేనక్కడే ఉంటిని గదా. కారు మీ దగ్గరికి తెచ్చిన రోజు గోనెపట్టా మీ గోడ మీద ఆరేసింది నేనే. కారు తీసుకెళ్ళే రోజు దాన్ని మడతపెడతా మీ ఎనకాలే నిలబడ్డాను. అయ్యగారికి చెప్పారు, డ్రైవరుకీ చెప్పారు, అంతా విన్నాను. ఆ ఎడం పక్క కూర్చునేది నేనేనని మీకు తెలీదాండీ? నావైపు తిరిగి, అమ్మా నువ్వు ఎక్కమాకు అని ఒక్క మాట అనుంటే, మేస్త్రిగారు వద్దన్నారండీ అని చెప్పి బస్సులో ఎల్లేదాన్ని. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదండీ."